తేలే గింజల లెక్క తేల్చుదాం!

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పటి సంగతి. ప్రొద్దుటూరు దాటాక నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది మా ఊరు. మా జేజి చాటలో రేషన్ బియ్యం పోసుకుని ఏరుతోంది. ఏరుతున్నది రాళ్లు కాదు. కాస్త మసకగా, మిగతా వాటికంటే తేడాగా కనిపిస్తున్న గింజల్ని ఒక్కొక్కటే పక్కకు తోస్తోంది. వాటిని గిన్నెలో వేసి నీళ్లు పోస్తే కొన్ని పైకి తేలాయి.

‘‘చూడు నాయనా, తేల్తాండాయి. ఇవి పిలాస్టిక్ బియ్యమంట. నువ్వు ఇంజినీరింగు చదివినావు గదా, తింటే ఏమన్నా అయితాదా?’’ అని అడిగింది.

నేను చదివింది మెకానికల్. కొన్నేళ్లుగా టెక్నాలజీ మీద బ్లాగు రాస్తున్నా. కొత్త ఫోన్‌లో చిప్ ఎన్ని నానోమీటర్లో టక్కున చెప్పేస్తా. జేజి చాటలో ఉన్న గింజ ఏంటో మాత్రం చెప్పలేకపోయా. ‘‘ఏం కాదులే జేజీ’’ అని దాటేశా. ఆమె నమ్మలేదు. ఏరడం ఆపలేదు.

గ్రూప్స్‌కో, ఎస్సైకో, బ్యాంకుకో ప్రిపేర్ అవుతుంటే మీ నోట్స్‌లో ఈ పాటికే ఒక లైన్ ఉండి ఉంటుంది: ‘ఫోర్టిఫైడ్ రైస్ - ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బీ12’. బిట్ వస్తే మార్కు పడుతుంది. కానీ ఇంటర్వ్యూలోనో, ఇంట్లోనో ‘‘ఎందుకు కలుపుతున్నారు? నిజంగా పని చేస్తుందా?’’ అని అడిగితే ఆ ఒక్క లైన్ సరిపోదు. అందుకే కర్నూలు, కడప మనుషుల కంచంలోంచే ఈ లెక్క చేసి చూద్దాం.

ఆ గింజ పుట్టేది మిషన్‌లో!

ముందు జేజి అనుమానం సంగతి. ఆ గింజ పొలంలో పండింది కాదు, అంతవరకు ఆమె కన్ను కరెక్టే. కానీ అది ప్లాస్టిక్ కూడా కాదు. బియ్యాన్ని పిండి చేస్తారు. అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉన్న పొడి, నీళ్లు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో వేడి మీద నొక్కి, సన్నటి రంధ్రాల గుండా బయటికి తోసి, బియ్యపు గింజ సైజులో కోసి ఆరబెడతారు. జంతికల గొట్టం తెలుసుగా? సూత్రం అదే, లోపల స్క్రూ తిరుగుతుంది, అంతే తేడా. ఇలా తయారైన గింజల్ని రైస్‌మిల్లులో మామూలు బియ్యంలో కలుపుతారు. 100 కిలోలకు సుమారు ఒక కిలో.

పిండిని నొక్కి చేసింది కాబట్టి మిల్లు బియ్యమంత గట్టిగా, మెరుపుగా ఉండదు. కొన్ని తేలడానికి కారణం కూడా ఇదే. అనుమానం తీరకపోతే ఇంటర్ ల్యాబ్ గుర్తుచేసుకోండి. గింజను నలిపి, తడిపి ఒక చుక్క అయోడిన్ వేస్తే ముదురు నీలం రంగు వస్తుంది. అంటే స్టార్చ్ ఉన్నట్టు. ప్లాస్టిక్‌లో స్టార్చ్ ఉండదు. పరీక్ష చేసిన గింజల్ని మాత్రం పారేయండి, తినొద్దు.

ఇప్పుడు విధానం సంగతి. 2021 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని చేసిన ప్రకటన ఇది: 2024 నాటికి ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యమంతా ఫోర్టిఫైడే. రేషన్ షాపు, బడి భోజనం, అంగన్‌వాడీ అన్నీ దీని కిందికి వచ్చాయి. 2024 అక్టోబరులో కేంద్ర కేబినెట్ దీన్ని 2028 డిసెంబరు వరకు కొనసాగించడానికి 17,082 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇలాంటి నిర్ణయాలు మధ్యలో మారుతుంటాయి కాబట్టి పరీక్షకు ముందు తాజా స్థితి ఒకసారి చూసుకోండి.

ప్రమాణాలు పెట్టింది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. దీని ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బీ12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి. ఈ అంకెలతో కాసేపట్లో పనుంది.

భీమవరం కుర్రాడు, మూడో అటెంప్ట్

ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ఒక రకం తీవ్ర రక్తహీనత వస్తోంది. తిండిలో ఏదో లోపించడం వల్లే వస్తోందని ఆమె పట్టుకున్నారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ ఇస్తే తగ్గుతోందని 1931లో ప్రచురించారు. మందు దొరికింది గానీ అందులో పని చేస్తున్న పదార్థమేంటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకుకు లాటిన్ మాటైన ‘ఫోలియం’ మీదుగా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ఆకులోంచి తీస్తే వచ్చేది చిటికెడు. లక్షల మందికి ఇవ్వాలంటే ల్యాబ్‌లో తయారుచేయాలి. 1945లో ఆ పని చేసి చూపించింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల బృందం. దాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో అటెంప్ట్‌లో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, చిన్న డిగ్రీతో సరిపెట్టారు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. 1922లో అమెరికా వెళ్లాక ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. హార్వర్డ్‌లో గొప్ప పరిశోధనలు చేసినా పర్మినెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి మారారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకు కూడా మందైంది. అన్నను తీసుకెళ్లిన జబ్బుకే. ఫోలిక్ యాసిడ్ అణువును కొంచెం మార్చి చేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు.

రెండో అటెంప్ట్ పోయిందని రూమ్‌లో లైటార్పేసి కూర్చున్నవాళ్లకు నేను నీతులు చెప్పను. ఆయన జీవితంలోని తేదీలు ఒకసారి వరసగా చదువుకోండి.

జొన్న సంగటి చెప్పిన పాఠం

ఇక మన సీమ దగ్గరికొద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పేరు వినే ఉంటారు. అది పుట్టిందే ఒక బీ విటమిన్ జబ్బు కోసం. పాలిష్ బియ్యం తినేవాళ్లకు బీ1 లోపంతో వచ్చే బెరిబెరిని పరిశోధించడానికి 1918లో కూనూరులో చిన్న యూనిట్‌గా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు మారింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. సంస్థ పాత పేరు, కొత్త పేరు, సంవత్సరాలు... బిట్స్‌కు బాగా పనికొచ్చేవి, రాసుకోండి.

హైదరాబాద్ వచ్చాక వీళ్ల ముందుకొచ్చిన సమస్య పెల్లాగ్రా. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి తప్పుతుంది. కారణం బీ3 లోపం. ప్రపంచంలో మిగతా చోట్ల ఇది మొక్కజొన్న మీదే బతికే పేదల్లో కనిపించేది. దక్కన్ పీఠభూమిలో మాత్రం జొన్న మీదే బతికే పేదల్లో కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో బీ3 పనికి అడ్డుపడుతోందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రతిపాదించారు. తర్వాత ఈ వాదన మీద చర్చ చాలానే జరిగింది.

అయితే జొన్న చెడ్డదా? కాదు. కర్నూలు, కడప మెట్ట పొలాల్లో తరతరాలుగా మనోళ్లను నిలబెట్టింది జొన్న, కొర్ర, రాగే. జొన్న సంగటి పక్కన పప్పు, ఆకుకూర, చెనిగ్గింజల ఊరిమిండి, కాస్త మజ్జిగ ఉన్న ఇంట్లో పెల్లాగ్రాకు చోటు లేదు. కరువొచ్చి పక్కనున్నవన్నీ మాయమై ఒక్క సంగటే మిగిలినప్పుడు జబ్బు వచ్చింది. ఏ ధాన్యమైనా ఒంటరిగా నిలబడలేదు. ఇప్పుడు కంచంలో సంగటి పోయి రేషన్ అన్నం వచ్చింది. పక్కనుండాల్సినవి ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

నెల బియ్యం = ఒక మాత్ర!

ఇప్పుడు అసలు లెక్క. పెన్ను తీయండి.

రేషన్ కార్డులో మనిషికి నెలకు ఐదు కిలోలు. కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అంటే ఐదు కిలోల్లో 375 నుంచి 625. రోజుకు సుమారు 12 నుంచి 21 మైక్రోగ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం స్త్రీకి రోజుకు 220, పురుషుడికి 300, గర్భిణికి 570 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలి. కృత్రిమంగా కలిపిన ఫోలిక్ యాసిడ్ ఆకుకూరల్లోని ఫోలేట్ కంటే బాగా ఒంటికి పడుతుంది. అందుకని 1.7తో గుణించినా, స్త్రీ రోజువారీ అవసరంలో రేషన్ బియ్యం తీర్చేది 10 నుంచి 16 శాతమే.

ఐరన్‌కూ ఇదే లెక్క వేయండి. రోజుకు సుమారు 4.7 నుంచి 7 మిల్లీగ్రాములు వస్తుంది. స్త్రీకి కావాల్సింది 29. అంటే నాలుగో వంతుకు కూడా చేరదు.

ఇంకో పోలిక చూడండి. రక్తహీనత నివారణ కార్యక్రమంలో బడిపిల్లలకు, కౌమార బాలికలకు వారానికి ఒకటి ఇచ్చే నీలం రంగు మాత్ర గుర్తుందా? చాలామంది బెంచీ కింద పడేసేవాళ్లం. దాంట్లో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. మా జేజి ఏరి పారబోస్తున్న నెల మొత్తం గింజల్లో ఉన్నది దాదాపు అంతే. మనం పడేసిన ఒక మాత్ర, ఆమె పారబోసిన నెల గింజలు సమానం!

కాబట్టి ఫోర్టిఫైడ్ బియ్యం విషమూ కాదు, సంజీవనీ కాదు. అదొక చిన్న సాయం. రోజూ, అడక్కుండా, అందరికీ అందేలా రూపొందించారు, అదే దాని బలం. సాయం మరీ చిన్నది, అదే దాని బలహీనత.

అవసరం మాత్రం చిన్నది కాదు. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశవ్యాప్తంగా 10-19 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి ఫోలేట్ లోపం, 31 శాతం మందికి బీ12 లోపం కనిపించాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సర్వే మన రాష్ట్రంలో జరిగింది 2019లో, అంటే ఫోర్టిఫైడ్ బియ్యం అందరికీ రాకముందు. ఆ అంకె చూపించి ‘‘బియ్యం ఇచ్చినా తగ్గలేదు’’ అనడం తప్పు. ఇంటర్వ్యూలో చాలామంది జారేది ఇక్కడే.

వాదనలు రెండు వైపులా తెలియాలి

అనుకూల వాదన సూటిగా ఉంటుంది. అలవాట్లు మార్చుకోమని కోట్లమందికి చెప్పడం కష్టం, తింటున్న దాంట్లోనే కలపడం సులువు. ఉప్పులో అయోడిన్ కలిపి గాయిటర్‌ను అలాగే తగ్గించారు. అమెరికాలో 1998 నుంచి తృణధాన్యాల పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశాక వెన్నుపాము లోపాలతో పుట్టే పిల్లలు తగ్గారు.

వ్యతిరేక వాదనను కూడా కొట్టిపారేయలేం. 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్ష అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. ఐరన్ కలిపిన బియ్యంతో రక్తహీనత ముప్పులో పెద్ద తేడా రాకపోవచ్చని తేల్చింది. రక్తహీనతకు ఐరన్, ఫోలేట్ లోపాలే కాదు, నులిపురుగులు, ఇన్‌ఫెక్షన్లు, తలసీమియా లాంటివీ కారణాలే. తలసీమియా ఉన్నవాళ్లు ఐరన్ విషయంలో డాక్టర్‌ను అడిగి తీరాలి. పైగా కంచంలో పప్పు, గుడ్డు, కూర పెంచాల్సిన బాధ్యతను ఒక చిన్న గింజ మీద పెట్టేసి తప్పించుకుంటున్నామా అన్నది విమర్శకుల ప్రశ్న.

బీ12 విషయం ఇంకాస్త సున్నితం. అది సహజంగా దొరికేది గుడ్డు, పాలు, పెరుగు, చేప, మాంసాల్లోనే. బీ12 తక్కువున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఎక్కువగా ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే బియ్యంలో రెండూ కలిపి ఇస్తారు. నాకిది పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. బెంగళూరులో పీజీలో ఉంటూ టీ, బన్ను, నూడుల్స్ మీద రెండేళ్లు లాగాక అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. కుర్చీలో కూర్చోవడం వల్లేమో అనుకున్నా. రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువని తేలింది. దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో, కర్నూలు, నంద్యాల కోచింగ్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

28 రోజుల కిటికీ

ఈ కథనంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది గర్భం దాల్చిన మొదటి 28 రోజుల్లో. అప్పటికి చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమనే తెలియదు. ఆ సమయంలో ఫోలేట్ సరిపడా లేకపోతే ఆ గొట్టం సరిగ్గా మూసుకోకపోయే ముప్పు పెరుగుతుంది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేసిన పెద్ద అధ్యయనం తేల్చింది.

మా పెద్దనాన్న కూతురికి మూడో నెల దాటాక గానీ ఈ మాత్ర సంగతి ఎవరూ చెప్పలేదు. బిడ్డ క్షేమంగానే పుట్టింది. కానీ ఆ కిటికీ తెరుచుకున్నదీ మూసుకున్నదీ మా ఇంట్లో ఎవరికీ తెలియకుండానే జరిగిపోయింది. డిగ్రీలు చదివినవాళ్లం ఆరుగురం ఉన్నాం ఆ ఇంట్లో. మీ అక్కకో, చెల్లెలికో పెళ్లి కుదిరితే ఫొటోగ్రాఫర్ గురించి ఆరా తీసినంత శ్రద్ధగా ఈ విషయం డాక్టర్‌నో, ఏఎన్ఎంనో అడగమని చెప్పండి. పెళ్లి మీదే అయితే మీరే అడగండి.

మన పొలంలోనే ఉంది

జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక విడుదల చేసింది. ఆ పట్టిక చూస్తే 100 గ్రాముల శనగల్లో 200 మైక్రోగ్రాములకు పైగా ఫోలేట్ ఉంది. పిడికెడు, అంటే 30 గ్రాముల శనగల్లో 60కి పైన. నానబెట్టి ఉడికించడంలో సగం పోయిందనుకున్నా రేషన్ బియ్యం రోజుకిచ్చేదానికి తీసిపోదు. ఆ శనగ ఎక్కడ పండుతుంది? రబీలో కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా నల్లరేగడిలో ఎటు చూసినా అదే. మనం పండించి క్వింటాళ్ల లెక్కన అమ్మేసి, హాస్టల్ రూమ్‌లో బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుంటున్నాం. చెనిగ్గింజలు, అలసందలు, తోటకూర, గోంగూర, కోడిగుడ్డు అన్నీ ఈ లెక్కలో మనవైపే ఉన్నాయి. ఒక చిన్న జాగ్రత్త: ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువ వేడికి పాడవుతుంది. గంజి వార్చకుండా, శనగలు ఉడికిన నీళ్లు పారబోయకుండా చారులో వాడుకుంటే నష్టం తగ్గుతుంది.

ఇందులో ఉద్యోగాలేంటి?

కెరీర్ పేజీ కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. గింజను తయారుచేసే ఎక్స్‌ట్రూడర్‌కు మెకానికల్ వాళ్లు కావాలి. వందకు ఒకటి కచ్చితంగా కలిసిందో లేదో చూసే బ్లెండింగ్, సెన్సర్ల పనికి ఎలక్ట్రానిక్స్ వాళ్లు కావాలి. శాంపిల్‌లో 75 మైక్రోగ్రాములు ఉన్నాయో లేవో తేల్చే ల్యాబ్‌లకు కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వాళ్లు కావాలి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకు ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, వ్యవసాయం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి డిగ్రీలు, కెమిస్ట్రీలో పీజీ అర్హతలు. నోటిఫికేషన్‌లో మీ డిగ్రీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. చదువు కొనసాగించాలంటే కడప జిల్లా పులివెందులలోనే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కళాశాల ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరులోని నిఫ్టెమ్ సంగతీ చూడండి.

గ్రూప్స్ రాసేవాళ్లకు ఇంకో మాట. రేపు మీరు డిప్యూటీ తహసీల్దారుగానో, పంచాయతీ కార్యదర్శిగానో వెళ్లే ఊళ్లో ఈ గింజల్ని ఏరి పారబోసే జేజి తప్పకుండా ఉంటుంది. ఆమె అనుమానం అజ్ఞానం కాదు. తన కంచంలోకి కొత్తగా ఏదో వచ్చింది, ఎవరూ ఆమెకు చెప్పలేదు. పథకం 17 వేల కోట్లదైనా ఆఖరి మెట్టు ఆ చాట దగ్గరే.

మొన్న మళ్లీ ఊరెళ్లినప్పుడు గింజ నలిపి, అయోడిన్ చుక్క వేసి మా జేజికి చూపించా. నీలం రంగు చూసి కాసేపు ఆలోచించింది. జంతికల గొట్టం పోలిక చెప్పాక నవ్వింది. ఏరడం చాలావరకు మానేసింది. పూర్తిగా కాదు, మరీ పెద్దగా కనిపించినవి ఇప్పటికీ తీసేస్తుంది. ఫర్వాలేదు. వచ్చేటప్పుడు నా బ్యాగులో రెండు కిలోల శనగలు పెట్టింది. రూమ్‌లో రాత్రి నానబెడుతున్నా, పొద్దున గుగ్గిళ్లు చేసుకుంటున్నా. ఖర్చు టీ, బన్ను కంటే తక్కువే.